మోపు ఉంటే షరాఫత్, మోపు లేకుంటే ఫిత్నానా?



మా మొహల్లా వాట్సాప్ గ్రూపులో నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ ఒకటి పది రోజులుగా తిరుగుతోంది. అక్కడి నుంచి ఆళ్లగడ్డ రిష్తేదార్ల గ్రూపులోకి, అక్కడి నుంచి ప్రొద్దుటూరుకి, చివరికి సౌదీలో ఉన్న మా బావమరిది ఫోన్‌కీ చేరింది. మాట్లాడిన బుజుర్గ్ ఎవరో నాకు తెలుసు. పేరు రాయను. ఆయన ఫిర్యాదు ఇది: షరీఫ్ ఖాందాన్ల ఆడోళ్లు బుర్ఖా కింద బూట్లేసుకొని అహోబిలం జంగల్లో తిరుగుతున్నారు, వాళ్ల మొగోళ్లే దగ్గరుండి తీసుకుపోతున్నారు, ఇది ఫిత్నాకు దర్వాజా తెరవడం. "జంగల్ మే ఔరతాఁ కా క్యా కామ్ జీ?" అని రెండుసార్లు అడిగారు. అడిగారు కాబట్టి జవాబ్ ఇస్తున్నా. గ్రూపులో ఇస్తే అడ్మిన్ డిలీట్ చేస్తున్నాడు, అందుకే ఇక్కడ.

ముందు జరిగింది చెప్తా. మెసేజ్‌లో చాలా మసాలా కలిసింది. డిసెంబర్‌లో ఒక ఆదివారం, మా ఇంటి నుంచీ పక్కింటి నుంచీ కలిపి పదకొండు మందిమి. మా బేగం, నా చెల్లెలు, ఆమె ఇద్దరు కూతుళ్లు, పక్కింటి ఖాలా, ఖాలా కోడలు, మిగతా ఐదుగురం మగాళ్లం, మగపిల్లలం. ఫజర్ చదువుకొని నంద్యాలలో బస్సెక్కాం. ఆళ్లగడ్డలో దిగి ఉగ్గాని బజ్జీ తిని, ఇంకో బస్సులో దిగువ అహోబిలం చేరాం. అక్కడి నుంచి ఎగువ అహోబిలానికి 8 కిలోమీటర్లు, అడవి మధ్యలో దారి. అది నడిచాం. పైన భవనాశి వాగు వెంబడి బండల మీద ఇంకొంత దూరం పోయాం. భక్తులు చెప్పులు విడిచే చోటికి ముందే ఆగి, నీళ్ల పక్కన కూర్చొని జొన్నరొట్టె, శెనక్కాయల పొడి తిన్నాం. జొహర్ వక్త్ దాటకముందే ఆళ్లగడ్డకు తిరిగొచ్చాం. మగాళ్లం మసీదులో చదివాం, ఆడవాళ్లు మా ఫుప్పూ ఇంట్లో చదివారు. మొత్తం మా గునాహ్ ఇదీ.

ఇప్పుడు సవాల్‌కు వస్తా. జంగల్లో ఆడవాళ్లకు ఏం పని? చాలా పని ఉంది జీ. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రోడ్డు పట్టుకోండి. గాజులపల్లె దాటి, ఘాట్ మొదలయ్యే వైపు పొద్దున పోతే, కట్టెల మోపు నెత్తిన పెట్టుకొని అడవిలోంచి వచ్చే ఆడవాళ్లు కనిపిస్తారు. ఆ మోపు కింద ఉన్న మనిషి ఖాజాబీ కావచ్చు, హుసేన్‌బీ కావచ్చు, నాగమ్మ కావచ్చు. మోపు కింద అందరి మెడా ఒకేలా వంగుతుంది. మా నానీది రుద్రవరం వైపు. ఎండాకాలం వస్తే కట్టెలకు, చింతపండుకు, కుంకుడుకాయలకు అడవికి పోయేది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, కాళ్లకు చెప్పుల్లేకుండా, తెల్లారకముందే పోయి మధ్యాహ్నానికి వచ్చేది. వెంట తోడొచ్చేది పక్కింటి ఆడవాళ్లే. యాభై ఏళ్లు అట్లా తిరిగింది. ఆమెను బేహయా అన్న మౌల్వీ లేడు, ఫిత్నా అన్న ముతవల్లీ లేడు. ఆమె చనిపోయినప్పుడు జనాజాకు వచ్చిన పెద్దలందరూ "బహుత్ మెహనతీ ఔరత్ థీ" అన్నారు.

అదే నానీకి మునిమనవరాళ్లైన నా చెల్లెలి కూతుళ్లు, చేతులూపుకుంటూ, నవ్వుకుంటూ, నెత్తిన ఏ మోపూ లేకుండా అదే నల్లమలలో ఒక పూట నడిస్తే, నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చింది. అడవి అదే. తేడా మోపు ఒక్కటే. మనకు ఆడమనిషి ఇల్లు దాటడం మీద అసలు ఏతరాజ్ లేదు. ఆమె తనకోసం దాటడం మీదే ఏతరాజ్. నీళ్లకు పోవచ్చు, రేషన్ క్యూలో మూడు గంటలు నిలబడవచ్చు, పత్తి తీయడానికి ట్రాక్టర్‌లో నిలబడి పోవచ్చు, కొడుక్కి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి బడిదాకా ఉరకవచ్చు. ఇజాజత్ అంతా మోపుకే ఉంది. మోపు దించితే పెద్దలకు పరేషానీ మొదలు.

షరాఫత్ అనే మాట కూడా ఇక్కడ ఒకసారి తిప్పి చూడాలి. "షరీఫ్ ఖాందాన్ల ఔరతాఁ" అంటున్నారంటే, కట్టెలకు పోయే బీబీలు షరీఫ్ కారని అర్థం వస్తోంది కదా? 2024 జూన్‌లో పచ్చర్ల దగ్గర అడవిలో కట్టెలకు పోయిన ఒక మహిళ మీద చిరుత పడింది. ప్రాణం పోయింది. అప్పుడు మన గ్రూపుల్లో ఇన్నా లిల్లాహి పెట్టాం, చిరుత ఫొటో ఫార్వర్డ్ చేశాం, రెండు రోజుల్లో మర్చిపోయాం. గ్యాస్ సిలిండర్ ఉండీ ఆ ఊళ్లలో ఇంకా కట్టెలకు ఎందుకు పోవాల్సి వస్తోందని నాలుగు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. ఆ నాలుగు నిమిషాలూ దాచిపెట్టి మా పిల్లల బూట్ల మీద ఖర్చు పెట్టారు.

నంద్యాలలో మన మొహల్లాల్లో అసర్ తర్వాత ఎప్పుడైనా మిద్దెక్కి చూడండి. ప్రతి మూడో మిద్దె మీద ఒక అమ్మీ, ఒక ఖాలా గుండ్రంగా తిరుగుతూ ఉంటారు. గానుగెద్దు మాదిరి. డాక్టర్ నడవమన్నాడు. రోడ్డు మీద నడిస్తే "ఎక్కడికి పోతున్నావు" అని పదిమంది అడుగుతారు, ఎక్కడికీ కాదు, ఊరికే నడుస్తున్నా అంటే ఆ జవాబ్ ఎవరికీ అర్థం కాదు. అందుకే మిద్దె. మా అమ్మీ ఆరేళ్లు అట్లా తిరిగింది. మా మిద్దె ఒక పక్క 22 అడుగులు, నేను కొలిచా. 22 అడుగులకోసారి మలుపు తిరిగి తిరిగి ఆమెకు కళ్లు తిరిగేవి, మోకాలు ఒక వైపే అరిగింది. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల సర్వే 2023లో చెప్పింది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడిచినంత శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన దస్తర్‌ఖాన్ చూస్తే, అందులోనూ పెళ్లిళ్ల సీజన్‌లో చూస్తే, మనకు అది కూడా చాలదు. షాదీలో ఖుబానీ కా మీఠా రెండోసారి వడ్డించేటప్పుడు ఎవరికీ ఫిత్నా గుర్తు రాదు, ఆమె నడవడానికి బయల్దేరితే గుర్తొస్తుంది.

దీన్ మాట తెచ్చారు కాబట్టి దీన్ మాటే మాట్లాడదాం. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా నా పని కాదు. కానీ మీకూ నాకూ అందరికీ తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. హజ్‌కు, ఉమ్రాకు పోయిన ప్రతి హాజీ సఫా మర్వాల మధ్య ఏడుసార్లు తిరుగుతాడు. కలిపితే 3 కిలోమీటర్లు దాటుతుంది. ఎవరి అడుగుల మీద తిరుగుతున్నాడు? చంటిబిడ్డకు నీళ్లు వెతుకుతూ, మనిషి జాడ లేని లోయలో ఆ కొండకూ ఈ కొండకూ ఒంటరిగా పరుగెత్తిన బీబీ హాజిరా అడుగుల మీద. బాద్‌షాలూ, ముఫ్తీలూ, మన బుజుర్గ్ గారూ, ఇహ్రామ్ కట్టుకొని ఒక ఆడమనిషి పరుగును ఏడుసార్లు నఖల్ చేస్తేగానీ ఎవరి సయీ పూర్తి కాదు.

అది అవసరం కొద్దీ పరుగు కదా, మోపు లాంటిదే కదా అంటారేమో. సరే. మరి హజ్రత్ ఆయిషా (రజి) సంగతి? సఫర్‌లో రసూలల్లాహ్ (స) ఆమెతో పరుగు పందెం పెట్టుకున్నారు. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నేళ్ల తర్వాత ఇంకోసారి పెట్టుకుంటే ఆయన గెలిచారు, ఆ పాత ఓటమికి ఇది బదులు అని నవ్వారు. అబూ దావూద్ హదీసుల్లో ఉంది, మదర్సాలో చదువుకున్న ఏ పిల్లవాడినైనా అడగండి. అందులో కట్టెల మోపు ఎక్కడుంది? నీళ్ల బిందె ఎక్కడుంది? ఊరికే పరుగు, ఊరికే ఖుషీ. ఈ హదీస్‌ను షాదీ బయానుల్లో మియా బీవీ మొహబ్బత్‌కు మిసాల్‌గా చెప్తారు, అందరూ సుబ్హానల్లా అంటారు. నిజంగా ఒక బీవీ బూట్లేసుకొని బయటికి రాగానే సుబ్హానల్లా ఎటు పోతుందో తెలియదు. ఇక ఘారె హిరా ఎక్కిన మన హాజీలను అడగండి, బండల మీద ఎంత ఆయాసమొచ్చిందో. రసూలల్లాహ్ (స) ఆ గుహలో ఏకాంతంగా గడిపిన రోజుల్లో ఆ కొండకు భోజనం తీసుకెళ్లింది అమ్మీజాన్ ఖదీజా (రజి), అప్పుడామె చిన్న వయసు మనిషి కాదు. మన ఇళ్లలో యాభై దాటిన ఆడవాళ్లను మెట్లెక్కొద్దు అంటాం. తర్వాత అరవైలో హజ్‌కు పంపి, అరఫాత్ నుంచి ముజ్దలిఫా దాకా ఎట్లా నడుస్తుందో అని వీల్‌చైర్‌కు రియాళ్లు లెక్కపెడతాం.

మహ్రమ్ లేని సఫర్ గురించి మెసేజ్‌లో ఒక మాట ఉంది. మా పదకొండు మందిలో మియాలూ, భాయిలూ, కొడుకులూ ఉన్నారని ఫొటోల్లోనే కనిపిస్తోంది. ఫొటోలు చూశారు కాబట్టే కదా బూట్ల సంగతి తెలిసింది.

రెండో ఏతరాజ్ కొంచెం గట్టిది, దాన్ని తేలిగ్గా తీసేయను. "వో ఉనో లోగాఁ కా రాస్తా హై" అన్నారు. అహోబిలం నవ నారసింహ క్షేత్రం, వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి. మన కొండల్లో నడక దారులన్నీ దాదాపు తీర్థయాత్రల వల్ల నిలబడినవే. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం పోయే అడవి దారి ఉంది, సుమారు 40 కిలోమీటర్లు. శివరాత్రికీ ఉగాదికీ అటవీ శాఖ దాన్ని తెరుస్తుంది. ఉగాదికి కర్ణాటక నుంచి జనం వందల కిలోమీటర్లు నడిచొచ్చి ఆ దారిన పడతారు. వాళ్లలో ముసలమ్మలను చూడండి. డెబ్భై ఏళ్ల మనిషి, నెత్తిన చిన్న మూట, కాళ్లకు గుడ్డ పీలికలు, వాళ్ల ఊరి భజన పాట. ఆమెను ఎవరూ ఏం పని అని అడగరు. నాకు జలన్ కలిగే దృశ్యం అది, నిజం చెప్తున్నా.

ఆ దారి వాళ్ల అఖీదత్ వల్ల బతికింది, షుక్రియా. కానీ దారి చరిత్రలో మనమూ ఉన్నాం, మంచిగానూ చెడ్డగానూ. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించింది 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి. డిగ్రీలో తెలుగు చదువుకున్నప్పుడు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర మాకు వచ్చింది. 1830 మే 18న మద్రాసులో బయల్దేరిన ఆయన అహోబిలం, శ్రీశైలం చూసుకొనే ఉత్తరానికి పోయాడు. (ఆయన పల్లకీలో, బోయీలు కాళ్ల మీద. మోపు సంగతి అక్కడా ఉంది.) అప్పుడు శ్రీశైలం కందనూరు నవాబు ఇలాఖా, అంటే మన కర్నూలు నవాబుదే. యాత్రికుల దగ్గర నవాబు మనుషులు పన్ను వసూలు చేసేవాళ్లని ఆ పుస్తకంలో ఉంది. పన్ను తీసుకోవడానికి ఆ దారి మనది అయినప్పుడు, నీళ్ల సీసా పట్టుకొని నడవడానికి ఎందుకు కాకుండా పోయింది?

ఇవాళ్టి హాలాత్ నాకు తెలియవని కాదు, జర్నలిస్టును, రోజూ రాసేది అదే. శ్రీశైలం గుడి దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్లు పాల్గొనకూడదని 2015లో జీవో వచ్చింది, ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది, మజహబ్ పేరుతో ఎవరినీ వేలం నుంచి తప్పించొద్దని కోర్టు 2021 డిసెంబర్‌లో చెప్పింది. బుర్ఖాలో ఉన్న మనిషి ఆ దారిలో కనిపిస్తే ఎవడో ఫోన్ తీసి వీడియో పడతాడేమోనని నా బేగం కూడా భయపడింది. ఏం జరిగిందో చెప్తా. ఇద్దరు కుర్రాళ్లు తేరిపార చూశారు. ఒకాయన ఏ ఊరని అడిగి, నంద్యాల అంటే, "మాదీ అదే, నూనెపల్లె" అని మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చాడు. బస్. ఇదే అన్నిచోట్లా జరుగుతుందని గ్యారంటీ ఇవ్వలేను. బ్రిటన్‌లో ముస్లిం హైకర్స్ అని ఒక బృందం ఉంది, హారూన్ మోటా అనే ఆయన కోవిడ్ కాలంలో మొదలుపెట్టాడు. 2021 క్రిస్మస్ రోజున వంద మందికి పైగా పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో నడిచి ఫొటోలు పెడితే, ఇంత గుంపుగా మీకిక్కడేం పని అంటూ ఆన్‌లైన్‌లో నోటికొచ్చినట్టు తిట్టారు. వాళ్లు నడక మానలేదు, ఇంకా ఎక్కువ మంది చేరారు. గౌర్ చేయండి, అక్కడ తెల్లవాళ్లు అడిగిన సవాల్, ఇక్కడ మన బుజుర్గ్ అడిగిన సవాల్ ఒకటే: మీకిక్కడ ఏం పని? బయటివాళ్లు మనల్ని నెట్టకముందే మనమే మన ఆడపిల్లలను నెట్టేసి, దానికి ఎహతియాత్ అని పేరు పెడుతున్నాం.

అడవి నిజానికి వాళ్లదీ కాదు, మనదీ కాదు, ముందు చెంచులది. అహోబిలం కథలోనే నరసింహస్వామి పెళ్లాడింది చెంచు పిల్లను. గూడేల పక్క నుంచి పోయేటప్పుడు అడగకుండా ఫొటోలు తీయొద్దని మా పిల్లలకు ముందే చెప్పాం.

పులుల మాట మాత్రం సహీ. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ దేశంలోనే పెద్దది, 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్‌లో ఉంది. నంద్యాల పక్కనున్న గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంలోనూ పులులు తిరుగుతాయి, చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. అందుకే ఇష్టమొచ్చిన చోట చొరబడకూడదు, అది నేరం కూడా. జూలై నుంచి సెప్టెంబర్ వరకు పులులు జతకట్టే కాలం, లోపలి దారులు మూస్తారు. ఎండాకాలం నీళ్లుండవు, మంటలు లేస్తాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మనకు మౌసం. తెరిచిన దారిలో, పగటి పూట, గుంపుగా, మాట్లాడుకుంటూ, చెక్‌పోస్టులో చెప్పి పోవాలి. పచ్చర్లలో, ఆత్మకూరు వైపు బైర్లూటిలో అటవీ శాఖ వాళ్ల జంగిల్ క్యాంపులు ఉన్నాయి, గైడ్లుంటారు. పిల్లలు కలిసి ఉండాలి, వెనకబడిన మనిషి కోసం అందరూ ఆగాలి. ఈ ఎహతియాత్ అంతా ఆడామగా ఇద్దరికీ ఒకటే. చిరుత బుర్ఖా చూసి రాదు, టోపీ చూసి పోదు.

మగాళ్ల సంగతి ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన మగాళ్లు నడవరా? చిల్లాకు పోయినవాళ్లు పైదల్ జమాత్‌లో ఊరూరూ నడుస్తారు, మాషా అల్లా. మహానంది రోడ్డు పక్క తోటల్లో ఆదివారం దావత్‌లు ఎవరివి? దేగ్ దించి, బిర్యానీ వండి, ప్లాస్టిక్ ప్లేట్లు వాగులో పారేసి వచ్చేది ఎవరు? బోగద టన్నెల్ మీదుగా గిద్దలూరు రైల్లో దర్వాజాలో వేలాడుతూ రీల్స్ తీసేది ఎవరి కొడుకులు? అప్పుడు జంగల్ ఖూబ్‌సూరత్ అవుతుంది. ఉర్దూ మీడియం బడిలో మేము ఇబ్నె బతూతా 1325లో, 21 ఏళ్ల వయసులో, టాంజియర్ వదిలి బయల్దేరాడని బట్టీ పట్టాం. ముస్తన్సర్ హుసేన్ తరార్ హిమాలయాల్లో నడిచి రాసిన సఫర్‌నామాలు ఒకరి చేతినుంచి ఒకరం లాక్కొని చదివాం. మా పక్క సెక్షన్‌లో ఆడపిల్లలు కూడా అదే సబఖ్ చదివారు, వాళ్లే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. ఆ తర్వాత వాళ్ల సఫర్ మిద్దె మీద 22 అడుగులు.

2014 మేలో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా తండా పిల్ల, అప్పుడామెకు 13 ఏళ్లు. గురుకుల బడి టీచర్లు భువనగిరి గుట్ట మీద శిక్షణకు పంపితే అంత దూరం పోయింది. పొలం పనిచేసుకునే తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. చదువుకున్న, మిద్దెలున్న, ఏసీలున్న మన ఖాందాన్లు ఎగువ అహోబిలానికి ఒప్పుకోవడం లేదు.

జనవరి రెండో ఆదివారం మళ్లీ పోతున్నాం. ఈసారి ఇరవై రెండు మంది పేర్లిచ్చారు, అందులో పద్నాలుగు మంది ఆడవాళ్లు, ఒకరు బుజుర్గ్ గారి సొంత ఇంటి నుంచే. ఎవరో చెప్పను. రావాలనుకునేవాళ్లు ముందు రెండు వారాలు రోజూ నలభై నిమిషాలు నడిచి అలవాటు చేసుకోండి. పాత బూట్లే వేసుకోండి, కొత్తవి కాలు కొరుకుతాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, బీపీ షుగర్ గోలీలు, ఒక బెల్లం ముక్క. బుర్ఖా మడమల మీదికి ఉంటే బండల మీద తట్టుకోదు. ప్లాస్టిక్ ప్లేట్లు తేవొద్దు, ఎవరి డబ్బా వాళ్లే. ఆ రోజు రొట్టెలు మగాళ్లు చేస్తారు, శనివారం రాత్రి మా ఇంట్లో, పిండి నేను తెస్తా. బస్సు ఐదున్నరకు, ఫజర్ ఇంట్లోనే చదువుకొని రండి.